చిరుత కనపడింది, ఫొటో మాత్రం రాలేదు. మీ అనుభవాలు చెప్పండి

కావలి_పిట్టలోడు:
నేలపట్టులో కొంగలు, పులికాట్‌లో ఫ్లెమింగోలు తీసుకుంటూ హాయిగా ఉన్నవాణ్ణి, ఈ ఏడాది చిరుత పిచ్చి పట్టింది. నల్లమల అడవిలో తుమ్మలబైలు జీపు సఫారీకి మూడుసార్లు పోయా. రెండుసార్లు దుప్పులు, నెమళ్లే. మూడోసారి సాయంత్రం, దారి పక్కనే చెట్టుకింద కూర్చుని ఉంది! జీపులో అందరం ఒక్కసారే లేచి నిలబడ్డాం, బండి ఊగింది, నేను ఆపకుండా నొక్కుతూనే ఉన్నా. ఇంటికొచ్చి చూస్తే ముందున్న గడ్డిపరక మీద నూగు కూడా లెక్కపెట్టొచ్చు, దాని వెనక పసుప్పచ్చ మరక. అదే చిరుత. లెన్స్ 150-600 ఎంఎం జూమ్, షట్టర్ 1/125 సెకను. ఎక్కడ చెడింది?

మార్కాపురం_పలక:
లేచి నిలబడినప్పుడే చెడింది తమ్ముడూ. బండికి అలవాటుపడిన చిరుత కూడా బండి మీద మనిషి ఆకారం లేస్తే ఆగదు. కంటిని పట్టే ఆటోఫోకస్‌ని గడ్డిలో నమ్మొద్దు, ఒకే చుక్క మీద ఫోకస్ చేసే సింగిల్ పాయింట్ పెట్టి మొహం మీద వేసుకో. 600 దగ్గర 1/125 ఏం సరిపోద్ది? కనీసం 1/500, నడుస్తుంటే 1/1000. తక్కువ వెలుతుర్లో ఫొటోని వెలిగించే ఐఎస్ఓ 6400 దాకా పోయినా పోనీ, దానివల్ల వచ్చే చుక్కల గ్రెయిన్ తర్వాత తగ్గించుకోవచ్చు, కదిలిపోయిన ఫొటోని ఏం చేస్తాం. జీపులో ట్రైపాడ్‌కి చోటుండదు, నేనైతే పాత జీన్స్ ప్యాంటు కాలు కోసి రెండు కిలోల బియ్యం పోసి కుట్టా, లెన్స్ దానిమీదే. ఆ బియ్యం లెక్క మా ఆవిడ ఇంకా అడుగుతూనే ఉంది. ఇంజన్ ఆపించడం మాత్రం మర్చిపోకు.

సింహపురి_క్లిక్:
మన దగ్గర చిరుతలు తక్కువని కాదు అన్నా. 2022 లెక్కల్లో దేశంలోని టైగర్ రిజర్వులన్నిటిలోకీ ఎక్కువ చిరుతలు తేలింది మన నాగార్జునసాగర్ శ్రీశైలంలోనే. కాకపోతే అడవి దట్టం, పైగా పెద్దపులి ఉన్నచోట చిరుత ఒదిగి తిరుగుద్ది. అందుకే నేను రాజస్థాన్ జవాయి పోయా. అక్కడ పులి లేదు, అన్నీ బోడి రాతిగుట్టలు, చూడగానే మన చీమకుర్తి గ్రానైట్ గుర్తొచ్చింది, ఇవింకా గుట్టలుగానే ఉన్నాయి అంతే తేడా. కింద రబారీలు, అంటే అక్కడి పశువుల కాపరులు, గొర్రెలు తోలుకుపోతుంటే పైన బండమీద చిరుత పడుకుని ఉంది. ఎండపడిన రాయిని చూసి కెమెరా వెలుతురు తగ్గించేస్తే చిరుత మొహం నల్లగా వచ్చింది, మొదటిరోజు ఫొటోలన్నీ అంతే. రెండోరోజు ఫొటో ఇంకాస్త వెలుతురుగా వచ్చేలా ఎక్స్‌పోజర్ +0.7 పెట్టాక దారికొచ్చింది. చీకటి పడ్డాక డ్రైవర్ లైటు కొడతానన్నాడు, వద్దన్నాం, మొహం మాడ్చుకున్నాడు.

దోర్నాల_వ్యాన్:
నేను కెమెరా మనిషిని కాదు, ఈ శ్రీశైలం ఘాట్‌లో బండి తోలేవాణ్ణి. చిరుతని వెతికేదానికన్నా కొండముచ్చుల్ని చూడండి. ఆడుకునేవి ఆట మానేసి, అన్నీ ఒకే దిక్కుకి తిరిగి పొడిదగ్గులాగా ఖక్ ఖక్ అంటుంటే బండి ఆపించి అటే చూడండి. దుప్పి ఒక్కసారి కూసి ఊరుకుంటే పెద్దగా పట్టించుకోను, కొండముచ్చు ఆపకుండా అరిస్తే మాత్రం ఉన్నట్టే. చెట్లమీద తోక కోసం చూడండి. కొమ్మలన్నీ వంకరటింకర, ఒకటి మాత్రం తిన్నగా కిందికి వేలాడుతూ కొసన పైకి వంగి ఉంటే అది కొమ్మ కాదు. మార్చి దాటాక ఆకు రాలుద్ది, నీళ్ల తొట్ల దగ్గరికి వస్తాయి, అప్పుడు రండి. సొంత కారులో వచ్చి ఘాట్‌లో దిగి ఫొటోలు తీసేవాళ్లని చూస్తే మాత్రం ఒళ్లు మండుద్ది.

ఒంగోలు_కుర్రోడు:
కావలి అన్నా, ఏ మలుపు దగ్గర కనపడింది?

కావలి_పిట్టలోడు:
అది చెప్పను తమ్ముడూ. రేపు అక్కడ ఇరవై బండ్లు ఆగుతాయి. ఫొటోలో లొకేషన్ కూడా తీసేసే పెడతా, అసలు ఫొటో వస్తే కదా.
పలక అన్నా, సంచీ కుట్టించా. ఏం బియ్యం పోశావురా, మన నెల్లూరు మొలగొలుకులేనా అని మా అమ్మ డబ్బా మూత తీసి చూసుకుంది. రేషన్ బియ్యమేలే.