తోలు పట్టీకి నూనె పట్టించాలా, అరచెయ్యి చాలా?

గాజువాక:
మంగలి కత్తితో గడ్డం గీసుకోవడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. కత్తి జర్మనీలోని జోలింగెన్‌లో తయారైన పాతది. పదును నిలబెట్టే పట్టీ ఎద్దుతోలుది, వెనక కాన్వాస్ ఉంది. ఈమధ్య తోలు బిర్రబిగిసి, పైన అద్దంలా మెరుస్తోంది. కత్తి దాన్ని పట్టుకోకుండా జారిపోతోంది. నెలకోసారి నూనె రాయమని కొందరు, జన్మలో రాయొద్దని కొందరు. రాస్తే ఏ నూనె? పట్టీ పాడవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

కర్నూలు:
రాయాలి గాజువాక గారూ. తోలు ఏదైనా నూనె అందకపోతే పగులుతుంది. మా తాత కిర్రుచెప్పులకి ఆముదం పట్టించి రాత్రంతా నీడన ఉంచేవాడు. ఏళ్ల తరబడి వేసుకున్నా వాటికి ఒక్క చీలిక రాలేదు. పట్టీకి కూడా నెలకి నాలుగు చుక్కలు వెయ్యండి, నష్టం లేదు.

సికింద్రాబాద్:
కర్నూలు గారూ, చెప్పుల విషయంలో తాతగారిదే రైటు. చెప్పు మెత్తబడాలి, పాదానికి తగ్గట్టు వంగాలి. పట్టీ అలా మెత్తబడితే ఇక దాని పని అయిపోయినట్టే. కత్తి వీపు ముందు, అంచు వెనక వచ్చేలా లాగుతాం కదా. తోలు గట్టిగా ఉంటే అంచు దాని మీద చదునుగా వెళ్తుంది. మెత్తగా ఉంటే కత్తి బరువుకి తోలు లోపలికి దిగి, అంచు దాటగానే పైకి లేస్తుంది. అలా లేచినప్పుడల్లా అంచు కొసని కాస్త గుండ్రం చేస్తుంది. యాభై సార్లు లాగితే యాభై సార్లూ అదే జరుగుతుంది. పదును పెడుతున్నామనుకుంటూ పోగొట్టుకుంటాం.

నేను స్వయంగా చేసిన తప్పే ఇది. మూడేళ్ల కిందట కొబ్బరినూనె దూదితో అద్ది, పట్టీ అంతా రుద్దాను. మొదటి రోజు తోలు నిగనిగలాడింది, ముచ్చటేసింది. వారానికి దవడ కింద కత్తి వెంట్రుకని కొయ్యకుండా పీకడం మొదలైంది. సానరాయి మీద మళ్లీ నూరాను, రెండు రోజులకి అదే కథ. చివరికి తెలిసింది చెవికి! అంతకుముందు కత్తి వెళ్తుంటే తోలు సన్నగా 'సర్' మనేది. నూనె తాగాక చప్పుడే లేదు. బొటనవేలితో నొక్కితే గుంట పడి, నెమ్మదిగా నిండేది. ఆ జిడ్డు మీద దుమ్ము కూడా అంటుకుంది. కత్తికి దుమ్ము ఎంత శత్రువో మీకు చెప్పక్కర్లేదు. తెల్ల టిష్యూ కాగితాలు పరిచి పైన బరువు పెట్టి పది రోజులు పీల్పించాను. కొంత వచ్చింది, పూర్తిగా రాలేదు. వేసిన నూనెని వెనక్కి తీసుకోలేం, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

తోళ్ల శుద్ధిలోనే తోలుకి కావలసిన కొవ్వు పట్టిస్తారు. మన దక్షిణాదిలో తంగేడు చెక్కతో, కరక్కాయలతో తోళ్లు శుద్ధి చేసే పద్ధతి ఎంత పాతదో, చివర్లో నూనె పట్టించడం కూడా అంత పాతదే. మనం కాపాడుకోవలసింది ఆ లోపలి కొవ్వునే. కత్తి లాగే ముందు అరచేత్తో పైనుంచి కిందికి, చెయ్యి వెచ్చబడేదాకా రుద్దండి. దుమ్ము పోతుంది, వేడికి తోలు వదులవుతుంది, చేతి జిడ్డు కొద్దిగా అందుతుంది. రోజూ అంతే చాలు.

రాజమండ్రి:
సికింద్రాబాద్ గారి మాటకి నా వంతు సాక్ష్యం. నాన్నగారి సెలూన్‌లో పట్టీ కుర్చీకే వేలాడుతుండేది. రోజుకి ఇరవై ముప్పై గడ్డాలు. ప్రతి గడ్డానికి ముందు అరచేత్తో రెండుసార్లు రుద్దేవారు, నూనె సీసా దాని దగ్గరికి రావడం నేను చూడలేదు. తర్వాత సగం బ్లేడు పెట్టే కత్తులొచ్చి, పట్టీ మేకుకే ఉండిపోయింది. మరుసటి ఏడాదికల్లా చెక్కలా బిగిసింది. వాడకమే దాన్ని బతికించింది. ఇంకోటి, మా గోదావరి వైపు వానాకాలంలో జిడ్డు తోలుకి ఇట్టే బూజు పడుతుంది. గాలి ఆడేచోట వేలాడదీయండి, చుట్టి డబ్బాలో పెట్టకండి.

మిన్నెసోటా తెలుగు:
అందరూ ఉక్కపోత ఊళ్ల నుంచే మాట్లాడుతున్నారు. ఇక్కడ చలికాలంలో బయట మైనస్ ఇరవై, ఇంట్లో ఐదు నెలలు హీటర్. చేతులే పగిలి నెత్తురొచ్చే చోట అరచేతిలో జిడ్డు ఎక్కడిదండీ? రెండు చలికాలాలు చేతినే నమ్ముకున్నాను, పట్టీ అంచుల్లో సన్నటి పగుళ్లు వచ్చాయి. ఇప్పుడు శీతాకాలం మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి నీట్స్‌ఫుట్ ఆయిల్ వేస్తున్నాను. పగుళ్లు పెరగలేదు, కత్తికీ తేడా రాలేదు.

సికింద్రాబాద్:
మీ చోట అది సరైన పనే, ఒప్పుకుంటున్నాను. తోలు నిజంగా ఎండితే చుక్క పడాల్సిందే. నీట్స్‌ఫుట్ అంటే పశువుల కాళ్ల ఎముకల నుంచి, పాదాల నుంచి తీసే నూనె. కొనేటప్పుడు 'ప్యూర్' అని ఉన్నదే తీసుకోండి, 'కాంపౌండ్' అన్నదాంట్లో మినరల్ ఆయిల్ కలుపుతారు. రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, చేతులు రెండూ రుద్దుకుని, ఆ తడి చేత్తో పట్టీని తుడవాలి. ఒక రోజు కత్తి పెట్టకూడదు. నా అభ్యంతరం క్యాలెండర్ చూసి రాయడం మీదే.

గాజువాక గారూ, మీది ఎండిపోవడం కాదని నా అనుమానం. సముద్రం పక్కన ఉండి తోలు అంతలా ఎండదు. కత్తికి మిగిలిన సబ్బు నురగ, మురికి పేరుకుని అణిగిపోతే అలాంటి మెరుపే వస్తుంది. గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, ఒక రోజు నీడన ఆరనివ్వండి. అప్పటికీ జారితే సన్నటి సాండ్‌పేపర్ పైపైన, ఒకే దిశలో. ఇక మీద కత్తిని పొడిగా తుడిచాకే పట్టీ మీద పెట్టండి. పదును కోసం పట్టీకి రాసే ఆకుపచ్చ క్రోమియం పేస్టు మాత్రం ఈ తోలుకి వద్దు, దానికి వేరే పట్టీ ఉండాలి.

కర్నూలు:
మెరుపు సంగతి నాకు తట్టలేదు. అయినా ఏళ్లు గడిచిన తోలుకి ఎప్పుడో ఒకప్పుడు నూనె కావాలన్న మాట మీదే ఉన్నాను.

గాజువాక:
నాలుగు రోజులైంది. గుడ్డతో తుడిస్తే బూడిదరంగు మురికి వచ్చింది, మూడుసార్లు పిండాల్సి వచ్చింది. ఆరాక సాండ్‌పేపర్ ఐదారుసార్లు లాగాను. ఈ ఉదయం చేత్తో రుద్ది కత్తి పెడితే కాస్త పట్టు తగిలింది, సన్నగా చప్పుడు కూడా వినిపించింది. గడ్డం కింద పీకలేదు. మేకు దగ్గర రెండంగుళాలు మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. అక్కడ చెయ్యి పెద్దగా ఆనదు కాబట్టి, ఆ భాగానికి మాత్రం ఒక్క చుక్క వేసి చూస్తాను.