సింగపూర్ వెళ్లి కూడా సాంబారన్నమేనా?

విశాఖ_తీరం:
డిసెంబర్‌లో అమ్మానాన్నల్ని సింగపూర్ తీసుకెళ్తున్నాం. ప్యాకేజీలో రెండు పూటలా ఇండియన్ భోజనం పెట్టారు. తమ్ముడేమో అది తీసేయించు, అంత దూరం వెళ్లి సాంబారన్నం ఏంటి, హాకర్ సెంటర్లలో తిందాం అంటాడు. నాన్న చికెన్, చేపలు తింటారు, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఏం చేయమంటారు?

కారంపొడి:
తీసేయించండి. హాకర్ సెంటర్ అంటే రోడ్డు పక్క బండి అనుకునేరు, లైసెన్సులున్న స్టాళ్లన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి, ఆ హాకర్ సంస్కృతిని 2020లో యునెస్కో కూడా గుర్తించింది. మాక్స్‌వెల్ హాకర్ సెంటర్లో హైనాన్ చికెన్ రైస్, లావ్ పా సాత్ అనే ఇంకో హాకర్ సెంటర్ పక్కన చీకటి పడ్డాక వీధి మూసేసి బొగ్గుల మీద కాల్చే సాటే (పుల్లలకి గుచ్చిన మాంసం ముక్కలు) తినకుండా మెరీనా బే ముందు ఫొటోలు దిగి వస్తే ఏం చూసినట్టు? చికెన్ రైస్ చప్పగా ఉందని మనవాళ్లు మొహం చిట్లిస్తారు, పక్కన చిల్లీ సాస్ ఇచ్చేది ఎందుకు బాబూ!

శారద_అత్తయ్య:
అమ్మగారి సంగతి చదివే రాశారా? లక్సా అనే నూడుల్స్ పులుసులో పైకి ఏమీ కనపడదు, ఎండురొయ్యలు నూరి వేస్తారు. ఆకుకూర వేపుడులో కూడా ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పోస్తారు. అయినా లిటిల్ ఇండియా సెరంగూన్ రోడ్డులో కోమల విలాస్ శాకాహార హోటల్ 1947 నుంచీ ఉంది, తమిళం అక్కడి నాలుగు అధికార భాషల్లో ఒకటి. మరి అక్కడ దోసె తింటే సింగపూర్ తిండి తిననట్టా?

కారంపొడి:
అత్తయ్యగారూ, దోసెకి నేనేం అడ్డం రాలేదు. ప్యాకేజీ బస్సు ఆగేది అక్కడ కాదు కదా, పనీర్ కూర, చల్లారిన నాన్ పెట్టే బఫే దగ్గర. చాలా హాకర్ సెంటర్లలో చైనీస్ శాకాహార స్టాళ్లు కూడా ఉంటాయి, గుడ్డు వద్దని ముందే చెప్పాలి.

శారద_అత్తయ్య:
ఆ సోయా ముక్కలు అచ్చం మాంసంలాగే చేస్తారు. మా అత్తగారు చూసి ప్లేటు పక్కకి తోసేశారు.

మలక్‌పేట్_భాయ్:
తిండి గొడవ సరే, టైం చూసుకోండన్నా. గార్డెన్స్ బై ద బేలో లైట్ షో 7:45కి, 8:45కి, టికెట్ లేదు. సరిగ్గా అప్పుడే డిన్నర్ అని బస్సెక్కిస్తారు. ముస్తఫా సెంటర్ అనే పెద్ద షాపులో షాపింగ్ మాత్రం ఆఖర్న పెట్టుకోండి, అర్ధరాత్రి దాటినా తెరిచే ఉంటుంది. పాస్‌పోర్ట్ మర్చిపోవద్దు, 100 డాలర్లు దాటి కొంటే జీఎస్టీ రీఫండ్‌కి అడుగుతారు.

విశాఖ_తీరం:
థాంక్స్ అందరికీ. లంచ్ ఉంచి డిన్నర్లు తీసేయించాను. అమ్మకి లిటిల్ ఇండియా, మేం మాక్స్‌వెల్.

కారంపొడి:
లంచే తీసేయించాల్సింది! మాక్స్‌వెల్‌లో పేరున్న స్టాళ్లు చాలావరకు రాత్రి ఎనిమిదికల్లా కట్టేస్తారు. ఏజెంట్‌కి మళ్లీ ఫోన్ కొట్టండి.