అప్‌డేట్: పెద్దమ్మకు రక్షణ ఉత్తర్వు వచ్చింది

కావలి దగ్గర పల్లెలో ఉంటున్న 74 ఏళ్ల మా పెద్దమ్మను ఆమె కొడుకే కొట్టి, నెలనెలా వచ్చే 4,000 రూపాయల పింఛను లాక్కుంటున్నాడని, అతణ్ణి చట్టపరంగా ఆపే మార్గం ఉందా అని రెండు నెలల క్రితం అడిగాను.

చాలామంది 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్లమన్నారు. అది మంచి సలహాయే. అయితే పెద్దమ్మకు అప్పటికి కావలసింది పోషణ ఖర్చు కంటే ముందు దెబ్బలు ఆగడం. గృహహింస చట్టం కోడళ్లకే అనుకునేవాళ్లం (మా ఊళ్లో ఇప్పటికీ అలాగే అనుకుంటారు), కానీ ఒకే ఇంట్లో ఉండే తల్లి కూడా కొడుకుపై 2005 నాటి ఆ చట్టం 12వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవచ్చని రక్షణాధికారి (ఆ చట్టం కింద బాధితులకు సాయపడేందుకు ప్రభుత్వం నియమించే అధికారి) చెప్పారు. చేతిపై కమిలిన గుర్తులకు ప్రభుత్వాసుపత్రిలో రాయించిన చీటీ, పక్కింటావిడ మాట మాకు ఎంతో అక్కరకొచ్చాయి.

అతడు ఆమెపై చెయ్యి చేసుకోరాదని, పింఛను సొమ్ము ముట్టరాదని మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. దాన్ని మీరితే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చని తెలిశాక అతడు వేరే గది అద్దెకు తీసుకున్నాడు. పెద్దమ్మ మాత్రం వాడు అన్నం తింటున్నాడో లేదోనని రోజూ అడుగుతూనే ఉంది.

ఇల్లు అతడి పేర రాసిన దానపత్రం రద్దు కోసం ఆర్డీవో ట్రిబ్యునల్‌లో 2007 నాటి పోషణ చట్టం 23వ సెక్షన్ కింద వేసిన దరఖాస్తు ఇంకా విచారణలో ఉంది.