అంతరిక్ష చిత్ర ప్రదర్శన: ప్యానెళ్లు, బల్లలు, ఎవరేం చూడాలి

సమన్వయం
అందరికీ నమస్కారం. మన సంఘం పెడుతున్న అంతరిక్ష చిత్ర ప్రదర్శనకు హాలు ఖాయమైంది. ఎవరి పని పేరు కింద వాళ్లు రాయండి. గోడలకు మేకులు, టేపు ఏవీ తగలకూడదన్నారు కాబట్టి నిలబెట్టే ప్యానెళ్లే వాడాలి. ఏడు ప్యానెళ్లు, రెండు వైపులా కలిపి 14 చిత్రాలు, వాటితో మూడు బల్లలు. ముందే ఒక మాట అనుకుందాం. "ఎంత బాగుందో" అనిపించి పంపేస్తే చాలదు. ఏది పైకి ఉండాలి, ఏ వెలుగుకు ఏ రంగు ఇవ్వాలి, ఎక్కడ కత్తిరించాలి అని ప్రతి చిత్రానికీ ఎవరో నిర్ణయించారు. పక్కన పెట్టే చీటీలో ఆ నిర్ణయం గురించే రాద్దాం. ప్రింట్ల సంగతి మీరు మొదలుపెట్టండి అన్నా.

ప్రింట్లు
ముందు దిశ సంగతి. 1968 డిసెంబరు 24న అపోలో 8 నుంచి విలియం ఆండర్స్ 250 ఎం.ఎం. లెన్సుతో తీసిన ఫొటో అందరికీ తెలిసిందే: కింద చంద్రుడి నేల, పైన సగం భూమి. ఉత్తరం పైకి పెట్టి చూస్తే ఆ నేల కుడి పక్కన గోడలా నిలబడి ఉంటుంది, భూమి ఎడమ వైపుకు వస్తుంది. రెండూ ఒకే సైజులో పక్కపక్కన పెడదాం. 1972 డిసెంబరు 7న అపోలో 17 నుంచి తీసిన నిండు భూమి చిత్రంలో దక్షిణం పైకి ఉంది. ప్రచురించేటప్పుడు తిప్పారు. మనం తీసినట్టే పెడుతున్నాం. తగిలించే రోజు ఎవరో ఒకరు తలకిందులైందనుకుని సరిచేస్తారు, కాబట్టి ప్రతి బోర్డు వెనక బాణం గీసి "ఇటు పైకి" అని రాయండి.

అన్నిటికన్నా కష్టం వాయేజర్ 1 వ్యోమనౌక తీసిన చిత్రం. 1990 ఫిబ్రవరి 14న సుమారు 600 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి తీసింది. అందులో భూమి ఒక పిక్సెల్‌లో ఎనిమిదో వంతు. ఆ కెమెరా ఫ్రేము 800×800 పిక్సెళ్లు. 60 సెం.మీ. వెడల్పుకు పెంచితే ఒక్కో పిక్సెల్ ముప్పావు మిల్లీమీటరు. ప్రింట్ షాపు సాఫ్ట్‌వేర్ ఆ చుక్కను దుమ్ము అనుకుని చెరిపేయగలదు, చెరిపేస్తే భూమే పోయినట్టు. ఆర్డరులో "ఎలాంటి ఆటో కరెక్షన్ వద్దు" అని రాయాలి, ప్రింటు చేతికి రాగానే చుక్క ఉందో లేదో చూడాలి. చుక్క మీదుగా పోయే వెలుగు చార కెమెరాలో చెదిరిన సూర్యకాంతి. దాన్నీ ఉంచాలి.

1995లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన ధూళి స్తంభాల చిత్రానికి ఒక మూల మెట్లు మెట్లుగా నల్లగా ఉంటుంది. నాలుగు కెమెరాల్లో ఒకటి మిగతావాటికన్నా దగ్గరగా చూపేది. దాని చిత్రాన్ని మిగతా వాటి కొలతకు కుదిస్తే ఆ ఖాళీ మిగిలింది. కత్తిరించవద్దు.

కాగితం లస్టర్ (సగం మెరుపుది) తీసుకుందాం. గ్లాసీ మీద హాలు దీపాలు మెరుస్తాయి, మ్యాట్ మీద నలుపు బూడిదరంగుకు దిగుతుంది. ఈ చిత్రాల్లో ముప్పాతిక వంతు నలుపే, అందుకని నాకు మ్యాట్ ఒప్పదు. 14 ప్రింట్లూ ఒకేసారి ఇవ్వకుండా, చీకటి భాగాలున్న 20 సెం.మీ. ముక్క ఒకటి ముందు తీయించి హాలు వెలుతురులోనే చూద్దాం. బోర్డు 10 మి.మీ. ఫోమ్. 5 మి.మీ. బోర్డుకు ఒక వైపే కాగితం అంటిస్తే పెద్ద సైజులో విల్లులా వంగుతుంది.

చీటీల తెలుగు
అన్నా, మంగళ్‌యాన్ తీసిన కుజుడి చిత్రం ఎంత పెద్దది వేయొచ్చు? ఇంకో సంగతి: ఇంగ్లిష్ చీటీలో ఉన్న "ఫాల్స్ కలర్" అనే మాటను "తప్పుడు రంగు" అని తెలుగు చేస్తే జనం మోసం అనుకుంటారు. "కేటాయించిన రంగు" అని రాస్తున్నాను, సరేనా?

ప్రింట్లు
దాని కెమెరా 2048×2048 పిక్సెళ్లు. 150 డీపీఐకి, అంటే అంగుళానికి 150 చుక్కల చొప్పున, 35 సెం.మీ. వస్తుంది, రెండు అడుగుల దూరం నుంచి చూడటానికి చాలు. అంతకు మించి పెంచొద్దు.

"కేటాయించిన రంగు" బాగుంది. కారణం కూడా చీటీలో రాయండి. హైడ్రోజన్ వెలుగు 656 నానోమీటర్లు, గంధకం వెలుగు 672 దగ్గర. కంటికి రెండూ ఒకే ఎరుపు. వేరుగా కనిపించాలని హబుల్ ధూళి స్తంభాల చిత్రంలో గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు చిత్రాలు కంటికి కనిపించని పరారుణంలో తీసినవి. పొడవు అలలకు ఎరుపు, పొట్టి అలలకు నీలం. వెబ్‌లో నక్షత్రాలకు ఆరు పెద్ద వెలుగు ముళ్లుంటే హబుల్‌లో నాలుగే. పక్కపక్కన పెడితే పిల్లలే కనిపెడతారు.

తెలుగు చీటీలు వర్డ్ ఫైలుగా పంపవద్దమ్మా. షాపు కంప్యూటర్‌లో ఫాంటు లేకపోతే ఒత్తులు విడిపోయి పక్కకు జరుగుతాయి, అక్కడివాళ్లకు తెలుగు రాదు కాబట్టి తప్పు కనిపించదు. ఇన్‌డిజైన్ అనే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అయితే, ఒత్తులు సరిగా కూర్చే వరల్డ్-రెడీ కంపోజర్ పెట్టి, అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చి పీడీఎఫ్ పంపండి. "క్ష్మ", "స్త్ర" వచ్చే మాటలు ఒకసారి పెద్దవి చేసి చూడండి.

పిల్లల బల్ల
1965 జులైలో కుజుడి పక్కనుంచి పోతూ మెరైనర్ 4 వ్యోమనౌక పంపిన చిత్రాలు 200×200 గళ్లు, ఒక్కో గడికి 0 నుంచి 63 దాకా ఒక అంకె. చిత్రం తయారయ్యేదాకా ఆగలేక నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఇంజినీర్లు అంకెలు అచ్చైన కాగితపు పట్టీలను గోడకు వరసగా అంటించి, అంకెను బట్టి పాస్టెల్ రంగులు పూశారు. మన బల్ల మీద అదే చేయిద్దాం.

ఒక బిలం చిత్రాన్ని 24×24 గళ్లకు కుదించి, 1 సెం.మీ. గళ్లలో అంకెలు వేయాలి. నాలుగు నిలువు వరసలకు ఒక పట్టీ చొప్పున ఆరు పట్టీలు, ఆరుగురు పిల్లలు, ఒక్కొక్కరికి 96 గళ్లు. 0–7 ఒక రంగు, 8–15 ఇంకో రంగు, అలా ఎనిమిది పెన్సిళ్లు, ముదురు గోధుమ నుంచి లేత పసుపు దాకా. అంకెలు లేత బూడిద రంగులో అచ్చేస్తే రంగు కింద కలిసిపోతాయి. ఇక్కడ చెడిపోయేవి రెండు. నీడ సరిగా పడని చిత్రం తీసుకుంటే అంకెలన్నీ 25–35 మధ్యే ఉండి పట్టీ అంతా ఒకే రంగవుతుంది, కాబట్టి ముందే కాంట్రాస్ట్ (వెలుగు-చీకటి తేడా) సాగదీయండి. రంగుల పట్టిక ఒక్కటే ఉండాలి, బల్లకు అంటించి. పట్టికలు వేరైతే ముక్కలు కలిపినప్పుడు బిలం కనిపించదు.

పెన్సిళ్లను దారంతో బల్లకు కట్టేద్దాం. 1965 మార్చిలో మొదటిసారి నౌక బయటికి నడిచిన అలెక్సీ లియోనోవ్ ఆ ప్రయాణంలోనే సూర్యోదయాన్ని గీశాడు. ఆయన పెన్సిళ్లకూ తేలిపోకుండా దారాలున్నాయి.

ఫొటో బల్ల
మా దగ్గర ట్రైపాడ్ మీద ఫోను, ఎరుపు, ఆకుపచ్చ, నీలం లైటింగ్ జెల్ షీట్లు, ఒక ల్యాప్‌టాప్. నలుపు-తెలుపు మోడ్‌లో ఒక్కో షీటు అడ్డం పెట్టి ఒక్కో ఫొటో తీసి, మూడింటినీ జింప్ అనే ఫొటో సాఫ్ట్‌వేర్‌లో ఆర్, జీ, బీ చానెళ్లలో వేస్తే రంగు చిత్రం తయారవుతుంది. ఫోకస్, ఐఎస్‌ఓ, షట్టర్ మూడూ లాక్ చేయాలి. ఆటోలో వదిలితే ఫోను ప్రతి షీటుకూ వెలుతురు సరిచేసేసుకుంటుంది, చివరికి అంతా బూడిద రంగే. చాలా ఎల్‌ఈడీ దీపాల్లో ముదురు ఎరుపు తక్కువ. ఎరుపు ఫ్రేము చీకటిగా వస్తే ముందు తెల్ల కాగితాన్ని ఫొటో తీసి చూసి, ఆ ఒక్క ఫ్రేముకు ఎక్స్‌పోజర్ పెంచండి.

మధ్యలో ఎవరైనా కదిలితే అంచుల్లో రంగు చారలు పడతాయి. వాటిని పారేయకండి. 2015 జులైలో డిస్కవర్ ఉపగ్రహం భూమి ముందుగా చంద్రుడు పోతుండగా తీసిన చిత్రంలో చంద్రుడి అంచున సన్నని ఆకుపచ్చ గీత ఉంది. మూడు రంగుల ఫ్రేముల మధ్య చంద్రుడు జరిగిపోయాడు. ఆ చిత్రం బల్ల మీదే ఉండాలి.

డిజైన్ బల్ల
మియురా అనే కాగితపు మడత చేయిస్తాం. 80 జీఎస్‌ఎం ఏ4 కాగితం. పొడవునా ఐదు సమాన పట్టీలుగా విసనకర్రలా మడిచి, ఆ పట్టీని అడ్డంగా కొద్దిపాటి వాలుతో, ఆరేడు డిగ్రీలు చాలు, అటూ ఇటూ మడవాలి. మొత్తం విప్పి, అడ్డ మడతల కొండ-లోయలను (పైకి లేచిన, లోపలికి దిగిన మడతలను) వరస విడిచి వరస తిరగేస్తే ఎదురెదురు మూలలు లాగగానే ఒక్కసారిగా తెరుచుకుంటుంది. వాలు లేకుండా మడిస్తే మామూలు మడతలాగే రెండుసార్లుగా విప్పాలి. దళసరి అట్ట వద్దు, మడత దగ్గర పగులుతుంది. 1995లో జపాన్ స్పేస్ ఫ్లయర్ యూనిట్ మీద సౌరఫలకాన్ని ఈ మడతతోనే పరీక్షించారు.

బ్యానర్ మీద నాసా గుర్తు పెట్టొచ్చా?

సమన్వయం
వద్దు. నాసా ఫొటోలకు సాధారణంగా కాపీరైట్ లేదు కానీ, గుర్తుకు అనుమతి కావాలి. మన సంఘం గుర్తు పక్కన పెడితే వాళ్లు మనతో కలిసి చేస్తున్నట్టవుతుంది. ఫొటో ఎవరిదో ప్రతి చీటీ కింద ఉండాలి. ఐరోపా అంతరిక్ష సంస్థ (ఈఎస్ఏ) ఇచ్చే వెబ్ టెలిస్కోపు చిత్రాలకు అది క్రియేటివ్ కామన్స్ లైసెన్సు షరతు కూడా.

చిత్రం మధ్యభాగం నేల నుంచి 145 సెం.మీ. ఎత్తులో రావాలి, దీపం పైనుంచి 30 డిగ్రీల వాలులో. వాయేజర్ ప్యానెల్ తలుపు ఎదురుగా వద్దు, వెలుతురు పడితే చుక్క కనిపించదు. లోపలి మూలకు మారుస్తున్నాను. పరీక్ష ముక్క వచ్చాక మిగతా 13 ఫైళ్లూ అన్నకు పంపండి.