అప్‌డేట్: ఒట్టి డబ్బాలతో గేమ్ చేస్తే ఆడతారా అని అడిగా కదా

బొమ్మలు గీయడం రాదు, చతురస్రాలతోనే ప్లాట్‌ఫార్మర్ (గెంతుతూ అడ్డంకులు దాటే గేమ్) చేస్తే ఎవరైనా ఆడతారా అని అడిగింది నేనే. చాలామంది 2012లో వచ్చిన థామస్ వాజ్ అలోన్ అనే గేమ్ చూడమన్నారు, చూశా, దీర్ఘచతురస్రాలకి పేర్లు పెట్టి వెనక ఒక గొంతు కథ చెప్తుంటే నిజంగా వాటి మీద ప్రేమ పుట్టుకొస్తుంది, అద్భుతం అసలు.

సో గోడో (Godot) అనే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లోనే కంటిన్యూ అయ్యా, ఫ్రీ కదా. ఆర్ట్ పక్కన పెట్టి టైమంతా కదలిక మీదే పెట్టా. డబ్బా ఎగిరేటప్పుడు కొంచెం నిలువుగా సాగుతుంది, నేల మీద పడగానే చపాతీలా నొక్కుకుపోయి మళ్ళీ మామూలవుతుంది, అంతే, దానికి ప్రాణం వచ్చేసింది! ఇంకోటి కొయోటీ టైమ్, అంటే అంచు దాటి గాల్లోకి వెళ్ళిపోయాక కూడా 6 ఫ్రేముల పాటు జంప్ పనిచేస్తుంది, 60 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకి 60 ఫ్రేములు) అది సెకనులో పదో వంతే, ఆడేవాళ్ళకి తెలీను కూడా తెలీదు కానీ "నేను నొక్కాను, ఎగరలేదు" అనే చిరాకు పోయింది.

రంగులు మూడే. ముళ్ళు ఎరుపు, తలుపు ఆకుపచ్చ అనుకున్నా కానీ మా తమ్ముడికి ఆ రెండూ సరిగ్గా తేడా తెలీవు, అందుకే ముళ్ళని త్రికోణాలు చేశా, ఇప్పుడు రంగు చూడక్కర్లేదు.

సౌండ్ ఇంకా మిగిలుంది. ఆండ్రాయిడ్ బిల్డ్ (ఫోన్‌లో ఆడే వెర్షన్) ఆడి చూస్తామనే వాళ్ళుంటే చెప్పండి, పంపిస్తా.