పాత బట్టలు: కత్తిరించి కుట్టుకోవాలా, ఎవరికైనా ఇచ్చేయాలా?

విశాఖ పాఠకుడు: పాత బట్టలు కుట్టి వాడుకోమన్న మీ ‘సూదీదారం’ శీర్షిక చదివి, మా ఇంట్లో పాత చీర కనిపిస్తే చాలు, సంచీ కుట్టేస్తున్నారు. కట్టుకోవడానికి సరైన బట్టలేని వాళ్ళుండగా గుడ్డకు కత్తెర పెట్టడం న్యాయమేనా? సేవా సంస్థకు ఇచ్చేస్తే మంచిది కదా?

సూదీదారం: కట్టుకోదగ్గ చీరైతే తప్పకుండా ఇవ్వండి. చిరిగిన దాన్ని ఇస్తే మాత్రం అది దానం కాదు, మన బరువు ఇంకొకరి మీద వేయడం. 2004 సునామీ తర్వాత తమిళనాడుకు సాయంగా వెళ్ళిన బట్టలు ఎన్నో రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండిపోయాయి. అన్నీ కోల్పోయిన మనిషికైనా తన ఒంటికి సరిపోయే, తన అలవాటుకు తగిన బట్టే కావాలి.

కర్నూలు గృహిణి: అయినా సంచీ లెక్క కుదరదండీ. దర్జీకిచ్చే కూలితో కొత్తదే వస్తుంది. పైగా నలిగిన చీర సంచీలో ఉల్లిపాయలు వేస్తే పిగిలిపోతుంది. స్టీలు సామాన్లవాళ్ళకు వేస్తే మనకు గిన్నె వస్తుంది, వాళ్ళకు బతుకు గడుస్తుంది.

సూదీదారం: వాళ్ళు కూడా చిరుగులున్నవి పక్కన పడేస్తారు, నేను మాట్లాడుతున్నది వాటి గురించే. సంచీకి జీన్సు, మందపాటి దుప్పటి తీసుకోండి. పట్టీని పైఅంచుకే కుట్టి వదలకుండా అడుగు దాకా చుట్టి కుడితే బరువు దాని మీద పడుతుంది, సంచీ పిగలదు. అసలు నేత చీరను సంచీ చేయడమే నాకు నచ్చదు. ఉతికి ఉతికి వచ్చిన ఆ మెత్తదనం కొత్త గుడ్డలో దొరకదు. పసిపిల్లల పొత్తిగుడ్డలకు, బొంతలకు పెద్దలు అదే వాడింది అందుకే. నాలుగైదు పొరలు పరిచి, అంచులు కలిపి, వరుసగా దూరపు కుట్లు వేస్తే బొంత అయిపోతుంది. వడియాలకైతే పాత నూలు పంచే కావాలి. ఎండాక వెనకవైపు నీళ్ళు చిలకరిస్తే వడియం విరగకుండా ఊడి వస్తుంది.

విశాఖ పాఠకుడు: మా ఇంట్లో సగానికి పైగా పాలియెస్టరే. వాటినేం చేయాలి?

సూదీదారం: మసిగుడ్డగా మాత్రం వాడకండి. నీరు సరిగా పీల్చదు, బాగా కాలిన గిన్నె తగిలితే కరిగి చేతికి అంటుకుంటుంది. ఉతికినప్పుడల్లా సన్నని ప్లాస్టిక్ పోగులు నీళ్ళలో కలుస్తాయి కాబట్టి, తరచుగా ఉతకక్కరలేని వాటికే వాడాలి. ముక్కలు చేసి దిండులో కూరవచ్చు. పీలికలను జడలా అల్లి, గుండ్రంగా చుట్టి కుడితే వీధిగుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా అవుతుంది.

కర్నూలు గృహిణి: పట్టా సంగతి ఒప్పుకుంటాను. సంచీ విషయంలో మాత్రం నా మాట నాదే.