దసరా కొలువు నాటిక: పగిలే బొమ్మ సంగతి తేల్చాలి

సమన్వయకర్త, మెల్‌బోర్న్:
అందరికీ నమస్కారం. మన తెలుగు బడి పిల్లల నాటికలో మూడో రంగం ఇంకా తేలలేదు. తిరుపతిలో అమ్మమ్మ పెట్టిన కొలువులోంచి మనవరాలు బొమ్మను తీయబోయి జారవిడుస్తుంది. అది పగలాలి, పగిలిందని చివరి వరుసలో కూర్చున్నవారికీ తెలియాలి. మన సభ్యుడొకరు సెలవులకు తిరుపతి వెళ్లారు కదా, వస్తూ ఓ అరడజను బొమ్మలు తెస్తే సరిపోతుందా?

తిరుపతి నుంచి:
అన్నా, తేవడం కష్టం కాదు, పగలగొట్టడమే కష్టం. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న అంగళ్లు తిరిగి వచ్చాను. కింద పడితే పగిలే బొమ్మ కావాలని అడిగితే అంగడాయన నన్ను ఎగాదిగా చూశాడు. పాపం, ఆయన దగ్గరకు వచ్చేవాళ్లంతా పగలని బొమ్మనే అడుగుతారు!

కొయ్యబొమ్మలు మేడ మీంచి పడేసినా చెక్కుచెదరవు. కొలువులో పెట్టే రాజారాణి బొమ్మలు, అదే మరపాచి జంట, ఎర్రచందనంతో చేసినది. అంతరించిపోయే జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్, ఆ కలప 1995 నుంచి దాని రెండో అనుబంధంలో ఉంది, ఎగుమతికి సవాలక్ష ఆంక్షలు. దాన్ని పెట్టెలో పెట్టుకుని విమానాశ్రయంలో నిలబడే ధైర్యం నాకు లేదు. కాగితపు గుజ్జు బొమ్మలు చూడముచ్చటగా ఉన్నాయి కానీ పడితే రంగు లేస్తుందే తప్ప రెండు ముక్కలు కావు. పలమనేరు టెర్రకోట బాగానే పగులుతుంది, పెంకు అంచు మాత్రం కాలు కోస్తుంది. పట్టులంగాల్లో పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు, అది గుర్తుంచుకోండి.

దర్శకురాలు:
తమ్ముడూ, కాల్చని మట్టితో చేయిస్తే?

తిరుపతి నుంచి:
వద్దక్కా. ఇక్కడి గంగమ్మ జాతర చివర తాతయ్యగుంట గుడిలో అమ్మవారి మట్టి విశ్వరూపం చెంప నరికాక ఆ మట్టిని చేతిలోకి తీసుకున్నవారికి తెలుసు, పెళ్లలుగా, పొడిగా రాలుతుంది. అక్కడ అది ప్రసాదం, మన వేదిక మీద ఉత్త దుమ్ము. శబ్దమూ రాదు. పైగా మట్టి, గడ్డి కలిసిన వస్తువంటే ఆస్ట్రేలియా జీవభద్రత అధికారులు ఊరుకోరు.

ఒక తల్లి:
అన్నట్టు ఏ బొమ్మ పగులుతుంది? రాతప్రతిలో ‘పై మెట్టు మీద బొమ్మ’ అని ఉంది. పై మెట్ల మీద దేవుళ్లుంటారు కదండీ. పండగపూట దేవుడి బొమ్మ పగిలితే మా అత్తగారు సభలోంచి లేచి వెళ్లిపోతారు.

దర్శకురాలు:
నిజమేనండి, మార్చేస్తాను. కింది మెట్టు మీద ఉండే అంగడి శెట్టిగారి బొమ్మ పడుతుంది. పాప చేతికి అందే ఎత్తు కూడా అదే.

తిరుపతి నుంచి:
అయితే కాల్చిన మట్టి శెట్టిగారిని ఒక్కరినే తెస్తాను. ఈరోజే చూశాను, మెలితిరిగిన మీసం, ముందు పప్పుల రాశులు, పక్కన తక్కెడ. కొలువులో ఆయనే కూర్చుంటాడు. ఆయన్ను చూసి రబ్బరు పాలతో అచ్చు తీసి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అక్కడే నకళ్లు పోసుకోండి. నిండుగా పోయకండి, నిండు బొమ్మ రాయిలా పడి ముక్కు మాత్రం రాల్చుకుంటుంది. అచ్చులో కొంచెం పోసి, అన్ని వైపులకూ తిప్పి, మిగిలింది వంచేయాలి. గుడ్డు పెంకులా పలచని పొర నిలుస్తుంది. మామూలుగా రెండు పాళ్లు పొడికి ఒక పాలు నీళ్లు. నీళ్లు కాస్త పెంచితే పెళుసుగా వస్తుంది, మనకు కావలసింది అదే. గట్టిపడ్డాక లోపలివైపు మెడ చుట్టూ మేకుతో గీత గీస్తే తల అక్కడే విరుగుతుంది. కొన్ని రోజులు బాగా ఆరనివ్వాలి, తడి ఉంటే ఠప్పున పగలదు.

బొమ్మల పని తెలిసిన సభ్యురాలు, మెల్‌బోర్న్:
అచ్చు నేను తీస్తాను. అక్రిలిక్ రంగు మాత్రం వద్దు, ఆరాక పొరలా పట్టుకుని ముక్కల్ని విడిపోనివ్వదు. పోస్టర్ రంగులు చాలు. ప్లాస్టర్ కలిపేటప్పుడు పిల్లల్ని దూరంగా ఉంచండి. పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, గట్టిపడేటప్పుడు దాని వేడి 60 డిగ్రీలకు చేరవచ్చు. సరదాకి కూడా చేతులు ముంచనివ్వకండి. మిగిలిన ముద్దను సింకులో పారబోస్తే గొట్టం పూడుకుపోతుంది, అద్దె హాలువాళ్లతో మాట పడతాం.

సమన్వయకర్త:
వేదిక మీద జంఖానా పరుస్తున్నాం కదా, దాని మీద పడితే పగులుతుందా?

తిరుపతి నుంచి:
పగలదు. బొమ్మ పడేచోట జంఖానా కింద ఒక గచ్చు పలక పెట్టండి, పైకి కనపడదు. జంఖానా మీద ఒక పాత పంచె పరిస్తే అమ్మమ్మ వేషం వేసిన పాప ‘ఎవరూ కదలకండి’ అంటూ ముక్కలన్నీ మూటగట్టి తీసుకుపోవచ్చు. అది నాటికలో భాగమే అనుకుంటారు. చప్పుడు చాలకపోతే తెర వెనక గోనెసంచిలో పాత పూలకుండీని సుత్తితో కొట్టండి.

దర్శకురాలు:
‘ఎవరూ కదలకండి’ అన్న మాట రాతప్రతిలో చేరుస్తాను. సాధనకు గుడ్డబొమ్మ చాలు. ప్లాస్టర్‌ది చివరి సాధనకు ఒకటి, ప్రదర్శనకు ఒకటి, చేజారితే వాడుకోవడానికి మరొకటి.

సమన్వయకర్త:
సరే, అచ్చు అక్కయ్య తీస్తారు, పలక నేను తెస్తాను. పాత పంచె ఎవరి దగ్గరుందో చెప్పండి, జరీ అంచుది మాత్రం వద్దు.